ఏ కుక్కకు ఏ ఆట?

1974 ఆగస్టు 5. లాస్‌ ఏంజెలెస్‌లోని డాడ్జర్‌ స్టేడియంలో బేస్‌బాల్‌ మ్యాచ్‌ జరుగుతోంది. ఉన్నట్టుండి అలెక్స్‌ స్టైన్‌ అనే 19 ఏళ్ల కాలేజీ కుర్రాడు కంచె దూకి మైదానంలోకి వచ్చేశాడు. వెంట యాష్లీ అనే సన్నటి కుక్క. కుర్రాడు ఫ్రిస్బీ విసిరాడు. కుక్క రివ్వున పరిగెత్తి, గాల్లోకి లేచి, నోటితో ఒడిసిపట్టింది. మళ్లీ విసిరాడు, మళ్లీ పట్టింది. ఆటగాళ్లు ఆట ఆపేసి చూస్తూ నిలబడ్డారు. టీవీ వ్యాఖ్యాత మ్యాచ్‌ సంగతి పక్కనబెట్టి కుక్క గురించే చెప్పడం మొదలుపెట్టాడు. ఇదంతా ఎనిమిది నిమిషాలు సాగాక పోలీసులు వచ్చి స్టైన్‌ని పట్టుకెళ్లారు. కానీ ఆ మరుసటి ఏడాదే కుక్కల ఫ్రిస్బీ ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. మొదటి మూడేళ్లూ గెలుపు యాష్లీదే.

యాష్లీ విపెట్‌ జాతి కుక్క. ఇంగ్లండులో కుందేళ్లను తరమడానికీ, పరుగు పందేలకూ తరతరాలుగా పెంచిన జాతి అది. గంటకు 50 కిలోమీటర్లు దాటి పరిగెత్తగలదు. కదిలేదాని వెంటపడటం దాని రక్తంలోనే ఉంది. స్టైన్‌ చేసిందల్లా కుందేలు బదులు ప్లాస్టిక్‌ పళ్లెం విసరడం.

కుక్కతో ఆడుకోవాలనుకునే ఇంటివాళ్లు ముందు ఆలోచించాల్సింది ఇదే. మన దగ్గర కుక్కతో ఆట అనగానే బంతి కొనుక్కొస్తారు. విసిరితే రెండుసార్లు తెచ్చి, మూడోసారి అది గోడవారన కూర్చుంటుంది. ‘మావాడు మహా బద్ధకస్తుడండీ’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. చాలాసార్లు అది బద్ధకం కాదు. ఆ ఆట దానిది కాదు, అంతే. ఒక్కో జాతిని మనుషులు ఒక్కో పని కోసం తయారు చేసుకున్నారు. ఆ పనులు చాలావరకు ఇప్పుడు లేవు, వాటిమీద మక్కువ మాత్రం కుక్కల్లో మిగిలే ఉంది. ఏ పనికి పుట్టిందో ఆ పనినే ఆటగా మార్చి ఇస్తే అదే కుక్క ఒళ్లు మరిచిపోతుంది.

పగ్‌నే తీసుకోండి. 2003లో వచ్చిన హచ్‌ మొబైల్‌ కంపెనీ ప్రకటనతో అది మన ఊళ్లలోకీ వచ్చేసింది. ఇప్పటికీ చాలామంది దాన్ని ‘హచ్‌ కుక్క’ అనే పిలుస్తారు. చైనా రాజప్రాసాదాల్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి పెంచిన జాతి. చప్పిడి ముక్కు వల్ల దానికి ఊపిరి సరిగ్గా అందదు, రొప్పి ఒంటి వేడి తగ్గించుకోవడమూ కష్టమే. అలాంటిదాన్ని ఎండలో బంతి వెంట పరిగెత్తించడం ప్రాణం మీదికి తెస్తుంది. దానికి నీడపట్టున ఆడే ఆటలు కావాలి. అవి బోలెడున్నాయి.

అన్ని జాతులకూ, అన్ని వయసులకూ పనికొచ్చే ఆట వాసన పట్టడం. రుగ్వేదంలో పణులనే అసురులు దాచేసిన ఆవుల జాడ పట్టింది దేవతల కుక్క సరమ. నన్నయ భారతంలో జనమేజయుణ్ని నిలదీసిన సరమ కూడా ఈమే. మనిషి ముక్కులో వాసనను పసిగట్టే గ్రాహకాలు సుమారు 50, 60 లక్షలుంటే, కొన్ని జాతుల కుక్కల్లో 30 కోట్ల దాకా ఉంటాయని చెబుతారు. కుక్క లోకాన్ని చూసేది ప్రధానంగా ముక్కుతోనే. ఆ ముక్కుకు పని చెప్పకుండా రోజంతా అపార్టుమెంటులో కూర్చోబెడితే అది చెప్పులు కొరకడంలో వింతేముంది?

ముక్కుకు పని దొరికితే కుక్క తీరు మారుతుందా అన్నది 2019లో షార్లట్‌ డ్యురాంటన్‌, అలెగ్జాండ్రా హొరోవిట్జ్‌ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షకు పెట్టారు. గదిలో ఒక పక్కన పెట్టిన గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుంది, రెండో పక్కన పెడితే ఎప్పుడూ ఉండదు. కుక్కకు ఆ సంగతి తెలిశాక గిన్నెను సరిగ్గా మధ్యలో పెట్టారు. ఆశ ఉన్న కుక్క దానివైపు వేగంగా వెళ్తుంది, లేనిది నెమ్మదిగా నడుస్తుంది. ఆ తర్వాత రెండు వారాలపాటు కొన్ని కుక్కల చేత వాసన పట్టి వెతికే ఆట ఆడించారు. మిగతావాటికి యజమాని పక్కనే అడుగులో అడుగేసి నడవడం నేర్పారు. మళ్లీ గిన్నె మధ్యలో పెడితే, వెతుకులాట ఆడిన కుక్కలు మునుపటికన్నా వేగంగా వెళ్లాయి. నడక నేర్చినవాటిలో ఆ మార్పు రాలేదు. రెండు గుంపులకూ తిండి బహుమతి దొరికింది, మనిషి తోడూ దొరికింది. తేడా ఒక్కటే: తన ముక్కుతో తానే వెతికి కనుక్కునే స్వేచ్ఛ.

ఈ ఆటకు ఖర్చేమీ లేదు. ఇడ్లీ ప్లేటు గుంటల్లో ఉడికించిన కోడిమాంసం ముక్కలు వేసి, కొన్ని గుంటల మీద టెన్నిస్‌ బంతులు పెడితే చాలు. శాకాహారుల ఇంట్లో క్యారెట్‌, పనీర్‌ ముక్కలు సరిపోతాయి. పాత తువ్వాలులో తిండి గింజలు చల్లి చుట్టి ఇవ్వవచ్చు. కొంచెం చేయి తిరిగాక కుక్కను బయట ఉంచి, సోఫా కాలి దగ్గరో, పాత చెప్పుల స్టాండు వెనకో ముక్క దాచి ‘వెతుకు’ అని లోపలికి వదలాలి. మొదట్లో అది చూస్తుండగానే దాచాలి, నాలుగైదు రోజుల తర్వాతే అసలు దాపరికం.

అప్పుడు కుక్కను దగ్గరగా గమనించడమే ఓ సంబరం. నోరు మూసుకుంటుంది. ముక్కు నేలకు ఆనించి చిన్న చిన్న బుస్సుబుస్సులతో గది అంచులు పట్టుకుని వెళ్తుంది. వాసన దాటి ముందుకెళ్లిపోతే తల ఒక్కసారి వెనక్కి తిప్పి, అడ్డంగా అటూ ఇటూ ఊపుతూ మళ్లీ దారిలో పడుతుంది. దగ్గర పడేకొద్దీ తోక వేగం పెరుగుతుంది. దాచినవాళ్లు ఆ చోటు చూపిస్తూ వేలు చాపకూడదు. ఆ గెలుపు దానిది. పది పదిహేను నిమిషాలు ఇలా వెతికాక చాలా కుక్కలు హాయిగా పడుకుంటాయి.

వీధిలో నడకకూ ఇదే సూత్రం. ప్రతి స్తంభం దగ్గరా ఆగుతోందని బెల్టు లాగి విసుక్కునేవాళ్లే ఎక్కువ. నడక మనకు వ్యాయామం, కుక్కకు ఊరి కబుర్లు తెలుసుకునే వేళ. ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో అది ఆ స్తంభం దగ్గరే తెలుసుకుంటుంది. రోజూ కాకపోయినా వారంలో రెండు మూడు రోజులు ఎటు వెళ్లాలో, ఎంతసేపు ఆగాలో దానికే వదిలేస్తే బాగుంటుంది. బెల్టు మాత్రం తీయకూడదు. కుక్కంటే భయపడేవాళ్లు కూడా అదే వీధిలో నడుస్తారు.

ఇక బలం చూపించుకోవాలనే కుక్కలకు లాగుడు పోటీ. పాత నూలు చీరను మూడు పేలికలుగా చింపి జడలా అల్లితే గట్టి తాడు తయారవుతుంది. ఈ ఆటలో కుక్కను గెలవనిస్తే మన మీద పెత్తనం చేస్తుందని చాలామంది భయపెడతారు. నికోలా రూనీ, జాన్‌ బ్రాడ్‌షా గోల్డెన్‌ రిట్రీవర్లతో ఈ మాటను పరీక్షించి 2002లో ఫలితం ప్రకటించారు. గెలిచినా ఓడినా పెత్తనం విషయంలో కుక్కల తీరు మారలేదు. కాబట్టి నిశ్చింతగా ఓడిపోవచ్చు. ‘వదులు’ అనగానే వదలడం ఒక్కటి నేర్పాలి. వదిలిన వెంటనే తాడు మళ్లీ అందించాలి. అప్పుడే వదిలితే ఆట అయిపోదని దానికి తెలుస్తుంది. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే నాలుగు నుంచి ఆరు నెలల వయసులో మెల్లగా లాగాలి.

బుర్రకు పదును పెట్టే ఆటల గురించి చెప్పాలంటే ఛేజర్‌ కథ చెప్పాల్సిందే. అమెరికాలోని దక్షిణ కరొలైనాలో జాన్‌ పిల్లీ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు ఉద్యోగ విరమణ చేశాక, 2004లో ఛేజర్‌ అనే బోర్డర్‌ కోలీ కూనను తెచ్చుకున్నాడు. గొర్రెల మందలు కాసే జాతి అది. కాపరి మాట చెవిన పడగానే పని చేయడం దాని నైజం. పిల్లీ ఒక్కో బొమ్మకు ఒక్కో పేరు పెట్టి, దాని ముందు పట్టుకుని, ఆ పేరు పదేపదే పలికేవాడు. రోజుకు నాలుగైదు గంటలు, మూడేళ్లు. అప్పటికి ఛేజర్‌కు 1,022 బొమ్మల పేర్లు వచ్చేశాయి. అన్ని పేర్లు తనకే గుర్తుండక పిల్లీ బొమ్మల మీద మార్కర్‌తో రాసుకున్నాడు. ఛేజర్‌కు రాతతో పనిలేదు, పేరు వింటే పక్కగదిలోని గుట్టలోంచి తెచ్చేది. ఈ చదువులో బహుమతి తిండి కాదు, ఆటే. సరైన బొమ్మ తెస్తే దాంతోనే కాసేపు ఆడుకునేవారు.

వెయ్యి అక్కర్లేదు, అయిదు చాలు. మొదట ఒకే బొమ్మ, ఒకే పేరు. అది తడబడకుండా తెచ్చేదాకా రెండోదాని జోలికి వెళ్లకూడదు. ఇంట్లో అందరూ అదే పేరు పలకాలి. ఒకరు ‘బంతి’, ఇంకొకరు ‘బాల్‌’ అంటే కుక్క అయోమయంలో పడుతుంది.

మందలు కాసిన కుక్కలు మనకూ ఉన్నాయి. కొల్లేటి పరిసరాల్లో బాతుల మందలను తోలిన జొనంగి ఆంధ్రదేశపు సొంత జాతి. పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్లు, గుంతలు తవ్వడంలో మహా నేర్పరి. బాతుల పెంపకం పోయి చేపల చెరువులు వచ్చాక దాని పనీ పోయింది, సంఖ్యా తగ్గింది. ఎక్కడో పుట్టిన జాతులకు వేలకు వేలు పోస్తూ దీన్ని మరిచిపోవడం మనకు తీరని నష్టం. జొనంగి అయినా, మన వీధుల్లో పుట్టిన నాటు కుక్క అయినా, తవ్వే సరదా ఉంటే పూలకుండీల దగ్గర కసురుకోవడం కన్నా ఓ మూల ఇసుక పోసి బొమ్మలు పూడ్చిపెట్టడం మేలు. తవ్వమని చెప్పిన చోటే తవ్వడం త్వరగానే నేర్చుకుంటుంది. పెరడు లేనివాళ్లకు మేడమీద పాత ప్లాస్టిక్‌ తొట్టి చాలు.

ల్యాబ్రడార్‌ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్‌ తీరంలో జాలర్ల దగ్గర పనిచేసిన కుక్కలు. అందుకే నీళ్లు కనిపిస్తే దానికి కాళ్లు నిలవవు. కీళ్లు అరిగిన కుక్కలకు కూడా ఈత మంచి వ్యాయామం. అయితే కాలువల్లో వడి ఉంటుంది, నిలవ నీటిలో ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌ భయం ఉంటుంది. టీకా వేయించాకే దించాలి. బీచ్‌కు తీసుకెళ్తే తాగే నీళ్లు వెంట ఉండాలి, ఉప్పునీళ్లు తాగితే వాంతులు పట్టుకుంటాయి.

గెంతడం ఇష్టపడేవాటి కోసం అజిలిటీ ఉంది. 1978లో లండన్‌ క్రఫ్ట్స్‌ కుక్కల ప్రదర్శనలో రెండు పోటీల మధ్య ఖాళీ సమయంలో జనానికి కాలక్షేపంగా పెట్టిన ఆట ఇది. గుర్రాలు అడ్డంకులు దూకే పోటీలను చూసి కుక్కలకూ అలాంటిదే తయారు చేశారు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఆడుతున్నారు. ఇంట్లో అయితే రెండు ఇటుకల మీద చీపురుకర్ర, వరసగా పెట్టిన కుర్చీల మీద దుప్పటి కప్పితే ఓ సొరంగం. ఎముకలు ఎదిగే వయసులో ఎత్తులు దూకించకూడదు. పెద్ద జాతులకు ఏడాది, ఏడాదిన్నర నిండేదాకా నేలమీది ఆటలే మంచివి. హైదరాబాద్‌ కొండాపూర్‌లో నగరపాలక సంస్థ 2018లో 1.3 ఎకరాల్లో కుక్కల పార్కు తెరిచింది. అందులో ఇలాంటి పరికరాలు, నీటి కొలను, చిన్న కుక్కలకూ పెద్దవాటికీ వేర్వేరు చోట్లు ఏర్పాటు చేశారు. ప్రతి పట్టణంలో ఇలాంటిది ఒక్కటైనా ఉండాలి.

మన ఎండల్లో ఏ ఆటకైనా వేళ చూసుకోవాలి. అరచేయి వెనకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలనూ కాలుస్తుంది. వేసవిలో తెల్లవారుజామున, పొద్దుగూకాక తప్ప బయటి ఆటలు వద్దు. పట్టపగలు పెరుగులో గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు కలిపి గడ్డకట్టించి ఇస్తే అరగంట నాక్కుంటూ కూర్చుంటుంది. బహుమతిగా పెట్టేవాటిలో చాక్లెట్‌, ద్రాక్ష, కిస్‌మిస్‌, ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు, అవి కుక్కలకు విషం. ఆ లెక్కన మిగిలిన బిర్యానీ కూడా పెట్టకూడదు.

పిల్లలు కుక్కతో ఆడేటప్పుడు పక్కన పెద్దవాళ్లు ఉండి తీరాలి. కుక్క ముందుకాళ్లు చాచి, ఛాతీ నేలకు వంచి, వెనకభాగం పైకెత్తిందంటే ‘ఆడదాం రా’ అని పిలుపు. మనిషి అలాగే వంగి పిలిచినా కుక్కకు అర్థమవుతుంది, పిల్లలకు ఇది భలే సరదా. పెదాలు నాక్కోవడం, ఊరికే ఆవలించడం, మొహం తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం కనిపిస్తే ఆట అక్కడితో ఆపేయాలి. కావలించుకోవడం చాలా కుక్కలకు నచ్చదని పిల్లలకు ముందే చెప్పాలి.

ముసలి కుక్క ఉన్న ఇళ్లలో ఆటలు ఆపేయడం మామూలు. ఆపనక్కర్లేదు. చూపు మందగించి, చెవులు వినపడకపోయినా ముక్కు ఇంకా చాలాకాలం పనిచేస్తుంది. జారని గోనెపట్టా పరిచి, దానిమీద మూత తీసిన అట్టపెట్టెలు నాలుగు పెట్టి, ఒకదాంట్లో వాసన ఘాటుగా ఉండే ఎండుచేప ముక్క వేస్తే సరి. మెల్లగా లేచి, ఒక్కో పెట్టె దగ్గరా ఆగుతూ, తన వేగంతో తాను వెతుక్కుంటుంది.