మూడు కాస్తా నాలుగైంది

ఒక శనివారం సాయంత్రం ఏడింటికి మా సీనియర్ అన్న రేడియో ముందు కూర్చుని 14 మెగాహెర్ట్జ్‌లో మోర్స్ కోడ్‌తో సీక్యూ పంపుతున్నాడు. అంటే "ఎవరైనా ఉన్నారా" అని పిలవడం. అన్న హామ్. లైసెన్సు ఉంది, కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది. నాకు లైసెన్సు లేదు, కాబట్టి కీ ముట్టుకోను. పక్కన ల్యాప్‌టాప్‌లో క్లస్టర్ చూడటమే నా డ్యూటీ.

చాలాసేపు ఒకరిద్దరే పలికారు. ఉన్నట్టుండి యూరప్ నుంచి ఒకేసారి పది పదిహేను మంది! ఒకరి మీద ఒకరు పడి పిలుస్తున్నారు. అన్న ముఖం వెలిగిపోయింది. నేను స్క్రీన్ చూశాను. అన్న కాల్‌సైన్ ఉంది, కానీ వీయూ4 అని.

ఇక్కడ కాస్త ఆగి క్లస్టర్ సంగతి చెప్పాలి. షార్ట్‌వేవ్ సిగ్నల్ అయనోస్ఫియర్‌కి తగిలి తిరిగొస్తుంది. ఏ గంటలో ఏ దేశం వినిపిస్తుందో గ్యారంటీ లేదు. అరుదైన స్టేషన్ ఐదు నిమిషాలు వినిపించి మాయమైపోవచ్చు. అందుకే విన్నవాళ్లు వెంటనే మిగతావాళ్లకి చెబుతారు. విన్నది ఎవరు, ఏ ఫ్రీక్వెన్సీ, ఎవరిని విన్నారు, ఒక చిన్న మాట, యూటీసీ టైమ్. ఈ ఒక్క లైనే "స్పాట్". 1980ల చివర్లో దీన్ని ప్యాకెట్ రేడియో మీద నడిపారు, తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. ఇప్పటికీ చాలామంది టెల్‌నెట్‌తోనే కనెక్ట్ అవుతారు. నల్ల స్క్రీన్, తెల్ల అక్షరాలు. మొదటిసారి చూసి నవ్వాను, తర్వాత ముచ్చటేసింది.

దీనికి మధ్యలో పెద్ద సర్వర్ అంటూ లేదు. చాలా నోడ్‌లు ఒకదానితో ఒకటి కలిసిన గ్రాఫ్. స్పాట్ వస్తే నోడ్ తన పక్కనోళ్లందరికీ ఇస్తుంది, వాళ్లు వాళ్ల పక్కనోళ్లకి. అలాగే తిరుగుతూ ఉండిపోకుండా హాప్ కౌంట్ తగ్గుతూ పోతుంది, ఈమధ్యే చూసిన స్పాట్ మళ్లీ వస్తే నోడ్ పారేస్తుంది. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో విజిటెడ్ అర్రే రాసి మార్కులు తెచ్చుకుని మర్చిపోయాం చూడండి, దాదాపు అదే! కొన్ని సెకన్లలో ప్రపంచమంతా తిరిగేస్తుంది.

కానీ నోడ్ చూసేది ఈ లైన్ ముందే వచ్చిందా అని మాత్రమే. నిజమా కాదా అని కాదు. రివర్స్ బీకన్ నెట్‌వర్క్‌లో సాఫ్ట్‌వేరే మోర్స్ విని స్పాట్ పెడుతుంది, అది కూడా అప్పుడప్పుడు పప్పులో కాలేస్తుంది. ఇంకోటి, స్పాట్ నిజమే అయినా అది విన్నవాడి ఊరి నిజం. అమెరికాలో గట్టిగా వినిపించేది మన డాబా మీది తీగకి అసలు అందకపోవచ్చు. నేనైతే ముందు స్పాట్ పెట్టింది ఎవరో, ఎక్కడివాళ్లో చూస్తాను.

మోర్స్‌లో 3 అంటే మూడు చుక్కలు, రెండు గీతలు. 4 అంటే నాలుగు చుక్కలు, ఒక గీత. ఒక్క గీత చుక్కగా వినబడితే చాలు, మన అన్న అండమాన్‌కి వెళ్లిపోతాడు! వీయూ4 అంటే అండమాన్ నికోబార్. హామ్‌ల లెక్కలో ఇండియా వేరు, అది వేరు. చాలా ఏళ్లు అక్కడి నుంచి ఎవరూ పలకలేదు. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్ వెళ్లి స్టేషన్ పెట్టింది. 26న సునామీ వచ్చింది. దూర దేశాలతో మాట్లాడటానికి పట్టుకెళ్లిన రేడియోలే అక్కడి క్షేమ సమాచారాలు బయటికి చేర్చాయి. అలాంటి వీయూ4 కనబడితే జనం పరిగెత్తుకు రారా మరి?

"అన్నా, వాళ్లు నిన్ను అండమాన్ అనుకుంటున్నారు" అన్నాను.

అన్న కీ మీంచి చెయ్యి తీశాడు. "ఎవడు పెట్టాడు?"

"ఎవరో యూరప్ ఆయన."

ఊరుకుంటే లాగ్ నిండిపోయేది. అన్న మాత్రం కాల్‌సైన్‌ని నెమ్మదిగా, 3 దగ్గర ఇంకా నెమ్మదిగా, మళ్లీ మళ్లీ పంపాడు. నన్ను సరైన స్పాట్ పెట్టమన్నాడు. పెట్టాను. కానీ ముందుది అందరి స్క్రీన్ల మీంచి వెనక్కి తీసుకునే దారి లేదు. ఇరవై నిమిషాల పాటు కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు, 3 అని వినగానే వెళ్లిపోతూనే ఉన్నారు.

ఒక ఇటలీ ఆయన మాత్రం ఉండిపోయాడు. యాంటెన్నా ఏంటని అడిగాడు. డాబా మీద తీగ అని అన్న చెప్పాడు. తనదీ తీగేనట.