కోయని లేజర్

థియొడోర్ మైమన్ 1960లో తొలి లేజర్‌ను వెలిగించిన కొద్ది ఏళ్లకే వైద్యులు దానిని కోతకూ కాల్పుకూ పనికివచ్చే సాధనంగా చూడసాగారు. కెంపు స్ఫటికపు లేజర్‌తో కణితులను నశింపజేయవచ్చునన్న అమెరికా ప్రయోగాన్ని ఆ దశకంలోనే బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ ఎలుకలపై మళ్ళీ చేసి చూడగా, ఆయన యంత్రానికి అంత శక్తి లేకపోవడంతో కణితులు చెక్కుచెదరలేదు గాని, గొరిగిన చర్మంపై వెంట్రుకలు త్వరగా మొలిచాయి.

కోయకుండా, కాల్చకుండా నొప్పిని తగ్గించడానికీ పుండ్లను మాన్పడానికీ లేజర్‌ను వాడే చికిత్సకు ఆ గమనింపే నాంది. ఈ చికిత్సలో వాడే కిరణపు శక్తి సాధారణంగా అర వాటుకు మించదు కనుక చర్మం కాలదు. రక్తంలోని హిమోగ్లోబిన్, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పొట్టి తరంగాల కాంతిని, నీరు మరీ పొడవైన తరంగాలను పీల్చుకుంటాయి. ఈ రెంటి నడుమ, సుమారు 600 నుంచి 1,100 నానోమీటర్ల వరకు, ఎరుపూ దాని ఆవలి పరారుణమూ కణజాలంలోకి కొంత లోతుగా చొరబడగలవు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లను అందించే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఈ కాంతిని గ్రహిస్తుందని రష్యా శాస్త్రజ్ఞురాలు టీనా కారు వాదించారు. దెబ్బతిన్న కణంలో ఆక్సిజన్ చేరవలసిన చోట నైట్రిక్ ఆక్సైడ్ తిష్ఠ వేసి శ్వాసక్రియను మందగింపజేస్తుందనీ, కాంతి దానిని అక్కడినుంచి లేపి పంపేస్తుందనీ చెప్పే వివరణ ఎంతో సొగసైనదే గాని, దానిపై వివాదం ఇంకా ముగియలేదు. మోతాదు ఒక హద్దు దాటితే ఫలితం పెరగడానికి బదులు తగ్గిపోవడం మరో చిక్కు.

విచిత్రమేమంటే, పరిశోధనశాలలో నొప్పిని పుట్టించేదీ లేజరే. నీరు ఇట్టే పీల్చుకునే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను అరచేతి వెనుక కొన్ని మిల్లీసెకన్లు ప్రసరింపజేస్తే, చర్మాన్ని ఏ వస్తువూ తాకకుండానే మొదట సూది గుచ్చినట్టు, దాదాపు ఒక సెకను గడిచాక మంటగా, రెండు వేర్వేరు నొప్పులు తెలుస్తాయి. మొదటిదానిని పలుచని మైలిన్ తొడుగు గల ఎ-డెల్టా నాడీ తంతువులు, రెండవదానిని తొడుగు లేని సి తంతువులు మోసుకొస్తాయి. ఇలా వచ్చిన సంకేతాలు మెదడుకు చేరకముందే వెన్నుపాములో హెచ్చుతగ్గులకు లోనవుతాయని 1965లో మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు.

నొప్పి ఇంత మార్పుకు లోబడేది కావడంవల్లనే చికిత్సా లేజర్‌ను పరీక్షించడం కష్టమైంది. పరారుణం కంటికి కనబడదు కనుక చాలా యంత్రాలలో గురి చూపే ఎర్రదీపం ఉంటుంది. అసలు కిరణాన్ని ఆపి ఆ దీపాన్ని మాత్రమే వెలిగించినా కొందరికి నొప్పి తగ్గుతుంది. దానిని భ్రమ అని కొట్టిపారేయడానికి వీలులేదు, ఎందుకంటే పన్ను తీయించుకున్నవారిపై జరిపి 1978లో వెలువరించిన ప్రయోగంలో, ఉత్తుత్తి మందు కలిగించిన ఊరటను, శరీరం తానే తయారుచేసుకునే ఎండార్ఫిన్లకు అడ్డుపడే నలోక్సోన్ చెరిపివేసింది.

మోకాలు, నడుము నొప్పుల విషయంలో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. క్యాన్సర్ చికిత్సలో నోట పూసే పుండ్ల నివారణకు మాత్రం అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ కాంతిని సిఫారసు చేస్తున్నాయి, అయితే అక్కడ రోగి చెప్పే మాటతోపాటు వైద్యుడు కంటితో చూసి కొలవగల పుండు కూడా ఉంటుంది.