కాపలావాడి పరధ్యానం

"మామయ్యా, స్టెల్త్ వెయ్" అన్నాడు మేనల్లుడు.

ఇరవై ముఖాల పాచిక బల్ల మీద దొర్లి 13 దగ్గర ఆగింది. ఆటలో నేను దొంగని. అడుగు చప్పుడు కాకుండా నడిచే నేర్పుకి మరో 7 కలిస్తే 20. గుహ ముందు కాపలా ఉన్న గాబ్లిన్‌కి పసిగట్టే అంకె 9. వాడి ముక్కు కిందనుంచే లోపలికి దూరిపోయాను. నా వెనక వస్తున్న వీరుడిది నిలువెల్లా ఇనుప కవచం. అలాంటివాడు పాచిక రెండుసార్లు వేసి, తక్కువ పడ్డదాన్నే తీసుకోవాలి. 3 పడింది. గాబ్లిన్ కొమ్ము ఊదాడు.

అక్కావాళ్లింట్లో ఆదివారం మధ్యాహ్నాలు కొన్నాళ్లుగా ఇలాగే గడుస్తున్నాయి. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్ల సృష్టి, 1974లో అచ్చయింది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు తలా ఒక పాత్ర అవుతారు, డంజన్ మాస్టర్ కథ నడుపుతాడు, ఎటూ తేలనిచోట పాచిక తేలుస్తుంది. మా ఇంట్లో ఆ మాస్టర్ పదహారేళ్ల మేనల్లుడు. ఆ రోజు నాకు వచ్చిన అనుమానమల్లా ఒక్కటే. ఆ గాబ్లిన్ నన్నెందుకు చూడలేదు?

మొదట్లో ఈ ఆటకి ఆ ప్రశ్నే లేదు. అసలు దొంగ పాత్రే మరుసటి ఏడాది గ్రేహాక్ అనే అనుబంధంతో వచ్చింది. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో కొత్త దొంగకి నీడలో దాక్కునే అవకాశం నూటికి 10, చప్పుడు లేకుండా నడిచే అవకాశం 15. ఆ నేర్పుతో దొంగతనానికి బయల్దేరేవాణ్ని చూసి జాలిపడాలి! అంతకన్నా వింత, ఎదుట ఉన్నవాడు కునికిపాట్లు పడుతున్నా, గద్దకళ్లతో చూస్తున్నా అదే 10. 2000లో మూడో ఎడిషన్ వచ్చి దాగేవాడి పాచికకీ చూసేవాడి పాచికకీ పోటీ పెట్టింది. దాక్కోవడం, మెల్లగా నడవడం, చూడడం, వినడం అని నాలుగు విద్యలుగా విడదీసింది. 2008లో వాటిని స్టెల్త్, పర్సెప్షన్ అని రెండుకి కుదించారు.

పోటీ పెట్టడం మంచి పనే. మన కళ్లకి పులి నారింజరంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జింక కంటికి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు కాబట్టి దానికి పులి కూడా పొదలో పొదే. దాగడంలో సగం చూసేవాడి కంట్లోనే ఉందన్నమాట. మరి కళ్లు బాగా పనిచేస్తూ కూడా చూడకపోతే?

1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ ఒక వీడియో చూపించి, తెల్ల చొక్కాలవాళ్లు బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషంలో ఒకరు నడిచొచ్చి, రొమ్ము చరుచుకుని వెళ్లిపోయారు. చూసినవాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. ఆ గొరిల్లా నక్కలేదు, పొంచలేదు. మా ఆటలో అయితే స్టెల్త్ సున్నా.

2013లో ఇదే పరీక్ష ఇంకాస్త కఠినంగా జరిగింది. ఊపిరితిత్తుల స్కాన్‌లలో చిన్న చిన్న గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకిచ్చారు. చివరి స్కాన్‌లో మామూలు గడ్డకి 48 రెట్లున్న గొరిల్లా బొమ్మ ఇరికించారు. ఇరవై మంది చూడలేదు. చూడనివాళ్లలో సగానికి పైగా సరిగ్గా ఆ బొమ్మ ఉన్నచోటికే చూపు సారించారని కంటి కదలికలు చెప్పాయి. ఆటలో నిపుణుడంటే పెద్ద అంకె, అది దేన్నైనా పట్టేస్తుంది. ఇక్కడ నిపుణుల మనసు గడ్డల కోసం బిగుసుకుని ఉంది, గొరిల్లాకి చోటు లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత నాకిప్పుడు ఇంకోలా వినిపిస్తోంది. ఇంటివాడి మీద అనుమానమే లేనప్పుడు ఎంత చూపుంటే ఏం లాభం?

ఇక కాపలా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వాయుసేనకి ఒక చిక్కొచ్చింది. రాడార్ తెర ముందు కూర్చున్నవాళ్లు కాసేపటికే గుర్తులు జారవిడుస్తున్నారు. నార్మన్ మాక్‌వర్త్ గడియారం లాంటి పరికరం తయారుచేసి, ముల్లు అప్పుడప్పుడూ వేసే రెట్టింపు గెంతుని పట్టుకోమన్నాడు. మొదటి అరగంటలోనే చురుకు తగ్గిందని 1948లో ప్రకటించాడు. మా గాబ్లిన్ మాత్రం పొద్దున్నా 9, నాలుగో జామున కూడా 9. ఈ విషయంలో ఆట మరీ మొద్దు.

శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు ఇంతకన్నా తెలివైనవాడు. కన్నం కొలవడానికి తాడు లేకపోతే జందెంతో కొలుస్తాడు. కన్నంలోంచి ముందు బొమ్మమనిషిని దూర్చి చూస్తాడు. లోపలికెళ్లాక పడుకున్నవాళ్లది నిజం నిద్రా, దొంగనిద్రా అని ఊపిరి తీరునీ, కనురెప్పల్నీ పరీక్షిస్తాడు. తన అడుగు మీద ఎంత శ్రద్ధో అవతలివాడి మెలకువ మీదా అంతే. ఈ విద్యకి మా పాత్రల కాగితంలో గడే లేదు.

ఇదంతా మేనల్లుడితో వాదించాను. "ఆ పరధ్యానమే కదా మామయ్యా, పాచిక" అన్నాడు. ఒప్పుకోక తప్పలేదు. గాబ్లిన్ ఆ క్షణంలో రాత్రి భోజనం గురించి ఆలోచిస్తున్నాడో, కాలికి గుచ్చుకున్న ముల్లు పీక్కుంటున్నాడో ఎవడు చెప్పగలడు? లెక్కకందని ఆ ముక్కనే ఇరవై ముఖాలకి వదిలేశారు.

కానీ పాచిక ఇంకో గుట్టు బయటపెడుతుంది. "పర్సెప్షన్ వెయ్" అన్నాడంటే ఏదో ఉన్నట్టే. 2 పడి, "నీకేమీ కనిపించలేదు" అని వాడు చెప్పగానే బల్ల చుట్టూ అందరూ కత్తులు దూస్తారు! బయట మనకి ఏం కనిపించలేదో చెప్పేవాడుండడు, రేడియాలజిస్టుకి తక్కువ పడిందని ఏ పాచికా తెలపదు. అందుకే పాచిక వెయ్యనక్కర్లేకుండా, పదికి నేర్పు కలిపి మాస్టర్ తన దగ్గరే ఉంచుకునే పాసివ్ పర్సెప్షన్ వచ్చింది. గాబ్లిన్‌కున్న 9 కూడా అలాంటిదే. నాదీ మేనల్లుడి నోటుబుక్‌లో ఉంది, 11.

మావాడు ఇంకో కిటుకు కూడా నేర్చాడు. పోయిన ఆదివారం మేం గుహలో నడుస్తుంటే అట్ట తెర వెనక పాచిక దొర్లిన చప్పుడైంది. తలెత్తి చూశాం. వాడు ఏదో రాసుకున్నాడు.

"ఎవరికిరా అది?"

"ఊరికే మామయ్యా. నడు, నడు."