బోరింగుకు కావలసిన మార్పులు

అనంతపురం పీఠభూమిలో సగటు వర్షము సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అడుగున గట్టి రాయి. ఇట్టిచోట ఊరి బోరింగు మూలబడినచో కుటుంబములకు దూరపు నడక తప్పదు.

1970 దశకమున రూపొందిన ఇండియా మార్కు-2 పంపు దృఢమైనదే. చిక్కంతయు మరమ్మతులో గలదు. లోతున నీటిలో మునిగియున్న పిస్టను వాషరు అరిగినచో, దానిని మార్చుటకు ఇనుప గొట్టములనన్నిటిని ఒక్కొక్కటిగా పైకి లాగవలెను. వాషరు వెల స్వల్పము. దానికొరకు మెకానిక్కుల బృందము పనిముట్లతో బండిలో రావలెను!

వాడువారు కోరినది ఊరివారే విప్పి బిగించుకొనగల పంపు. 1980 దశకమున కోయంబత్తూరు ప్రాంతమున జరిపిన పరీక్షల ఫలితముగా మార్కు-3 వెలువడినది. పైభాగము చాలవరకు పాతదే. గొట్టము మాత్రము 32 మి.మీ.కు బదులు 65 మి.మీ. వెడల్పు. అందుచే పిస్టను, అడుగు కవాటము ఆ గొట్టములోనుండియే కడ్డీతో పైకి వచ్చును; గొట్టమును కదల్ప నక్కరలేదు. తోలు వాషరుకు మారుగా నైట్రైలు రబ్బరుది వచ్చినది. ఇది ఎక్కువకాలము మన్నును, మార్కు-2 లోను పనికివచ్చును.

అయితే వెడల్పు గొట్టమునకు బరువు, వెల రెండును హెచ్చు. పైగా మార్కు-2 సైతము సుమారు 45 మీటర్ల లోతు వరకే అనుకూలము. అనంతపురంలో పెక్కు బోర్లు నేడు వందల అడుగులు దిగినవి. అచ్చట కరెంటు మోటారే నీరు తోడుచున్నది.