దారి మూసుకోకముందే ధర ఎందుకు పెరుగుతుంది?

2025 జూన్ 12న బ్రెంట్ ముడిచమురు బ్యారెల్ 69 డాలర్ల దగ్గర ముగిసింది. మర్నాడు ఇరాన్‌పై ఇజ్రాయెల్ దాడులు మొదలయ్యాయి. ఒక్క రోజులో ధర 74 దాటింది. ఇరాన్ అణుకేంద్రాల మీద అమెరికా బాంబులు వేశాక, 23న మార్కెట్ తెరుచుకున్న కాసేపటికే 81ని తాకింది. కాల్పుల విరమణ కబురు రావడంతో 24న 67కి దిగిపోయింది. అంటే యుద్ధానికి ముందున్నదానికంటే తక్కువ. ఆ రోజులన్నిటా, గల్ఫ్ చమురు బయటికి వచ్చే హార్ముజ్ జలసంధి తెరిచే ఉంది, ట్యాంకర్లు వస్తూనే ఉన్నాయి.

బ్యారెల్ అంటే 159 లీటర్లు. అప్పటిలా డాలరు 86 రూపాయలనుకుంటే, బ్యారెల్‌కు ఒక్క డాలరు పెరిగినా లీటరు ముడిచమురుపై 54 పైసల భారం. 69 నుంచి 81 అంటే లీటరుకు దాదాపు ఆరున్నర రూపాయలు. వాడే చమురులో 85 శాతానికి పైగా బయటినుంచి తెచ్చుకునే మన దేశానికి ఇది చిన్న మొత్తం కాదు.

అసలు ఆ 12 డాలర్లు ఎక్కడినుంచి వచ్చాయి? హార్ముజ్ గుండా 2024లో రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్లు వెళ్లాయి. ప్రపంచ వినియోగంలో అది ఐదో వంతు. జలసంధి వెడల్పు ఇరుకైన చోట 33 కిలోమీటర్లే. అందులో ఓడలు వెళ్లేందుకు ఒక బాట, వచ్చేందుకు ఒక బాట, ఒక్కోటీ మూడు కిలోమీటర్ల వెడల్పు. సౌదీ అరేబియాకు ఎర్ర సముద్రం వైపు, యూఏఈకి ఫుజైరా రేవుకు పైపులైన్లు ఉన్నాయి. కానీ అమెరికా ఇంధన సమాచార సంస్థ లెక్క ప్రకారం అవసరం పడితే వాటిలో అదనంగా పట్టేది రోజుకు 26 లక్షల బ్యారెళ్లే. మిగతా కోటీ డెబ్బై లక్షల పైచిలుకు బ్యారెళ్లకు వేరే దారి లేదు.

మార్కెట్లో బేరమాడేవాళ్లు ఇవాళ్టి చమురును కాదు, రాబోయే నెలల చమురును కొంటారు. జలసంధి మూతపడితే బ్యారెల్ 130 డాలర్లకు పోతుందనీ, అలా జరిగే అవకాశం ఐదింట ఒకటనీ వాళ్లు అనుకున్నారనుకుందాం. 69లో ఐదింట నాలుగు వంతులు 55, 130లో ఐదో వంతు 26. కలిపితే 81. ఈ 130, ఈ ఐదో వంతు లెక్క తేల్చడానికి నేను పెట్టుకున్న అంకెలే. అయినా జరగని సంఘటనకు ముందుగానే ధర కట్టడం అంటే ఇదే. ముప్పు తప్పిందని తెలిసిన క్షణాన ఆ భాగం ఆవిరైపోతుంది.

ఎర్ర సముద్రంలో జరిగింది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. 2023 నవంబరు 19న యెమెన్‌లోని హౌతీలు ‘గెలాక్సీ లీడర్’ ఓడను పట్టుకుపోయారు. అక్కడ ముప్పు మాటలతో ఆగలేదు, క్షిపణులు ఓడలకు తగిలాయి. ఎర్ర సముద్రపు దక్షిణ ద్వారమైన బాబ్ ఎల్ మాండెబ్ జలసంధి మీదుగా 2023లో రోజుకు 87 లక్షల బ్యారెళ్లు వెళ్లేవి. 2024 మొదటి ఎనిమిది నెలల్లో అవి 40 లక్షలకు పడిపోయాయి. బ్రెంట్ మాత్రం దాడులకు ముందు 80 డాలర్ల దగ్గర ఉన్నది 2024 చివరికి 75కి తగ్గింది! ఆఫ్రికా కొస చుట్టూ వెళ్లే దారి ఉంది కాబట్టే చమురు ఆగలేదు. అమెరికా రోజుకు కోటీ ముప్పై లక్షల బ్యారెళ్ల చొప్పున తోడుతూ ఉండటమూ కలిసొచ్చింది.

అలాగని నష్టం లేదనుకోకూడదు. అది బ్రెంట్ అంకెలో కనబడదు, ఓడ ఖర్చులో కనబడుతుంది. అరేబియా సముద్రం నుంచి రాటర్‌డామ్‌కు సూయజ్ మీదుగా సుమారు 19 రోజులు; కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టి వెళ్తే దాదాపు 35. రానుపోను 38 రోజులు పట్టే ఓడ ఏడాదికి తొమ్మిది సార్లు తిరుగుతుంది. 70 రోజులు పడితే అయిదు సార్లే. ఒక్క ఓడా మునగకుండానే, ఆ మార్గంలో ఓడలు దాదాపు సగానికి తగ్గిపోయినట్టు లెక్క. ట్యాంకర్ల కిరాయి పెరిగేది అందుకే.

ఎర్ర సముద్రం గుండానే వెళ్దామంటే బీమా భారం ఉంది. యుద్ధ ముప్పు బీమా దాడులకు ముందు ఓడ విలువలో 0.05 శాతం దాకా ఉండేది; తర్వాత 0.7 నుంచి 1 శాతానికి ఎగబాకింది. పది కోట్ల డాలర్ల ఓడ, పది లక్షల బ్యారెళ్ల సరుకు తీసుకుంటే, ఒక ప్రయాణానికి 50 వేల డాలర్లు ఉన్న ప్రీమియం పది లక్షలు అవుతుంది. బ్యారెల్‌కు అయిదు సెంట్లు కాస్తా ఒక డాలరు.

ఈ లెక్కల్లోకి ఎక్కనిది మనుషుల ప్రాణం. 2024 జనవరి 26న నాఫ్తాతో వెళ్తున్న ‘మార్లిన్ లువాండా’కు ఏడెన్ సింధుశాఖలో క్షిపణి తగిలి మంటలు లేచాయి. ఓడలో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీయుడు. సాయం కోరగానే వెళ్లింది మన నౌకాదళ నౌక ఐఎన్ఎస్ విశాఖపట్నం. దాని సిబ్బంది పదిమంది ఆ ఓడ ఎక్కి, నావికులతో కలిసి గంటల తరబడి పోరాడి మంట ఆర్పారు. చమురు ధర మీద సాగే చర్చల్లో ఆ నావికుల ఊసే రాదు, వాళ్లే లేకపోతే బ్యారెల్ కదలదు.

పాత అనుభవం ఇంకొకటి చెప్పుకోవాలి. 1980లలో ఇరాన్, ఇరాక్‌లు గల్ఫ్‌లో ట్యాంకర్లను వందల సంఖ్యలో కొట్టాయి. ఆ యుద్ధం నడుస్తుండగానే, 1986లో చమురు ధర కుప్పకూలింది. సౌదీ ఉత్పత్తి పెంచడంతో ప్రపంచంలో సరుకు అవసరానికి మించి ఉండటమే కారణం. ఓడల మీద దాడులు ధరను ఎంత కదిలిస్తాయన్నది, పక్కన ఎంత మిగులు ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

మన మిగులు ఎంత? విశాఖపట్నంలో అత్యవసర నిల్వ కోసం కొండరాతిని తొలిచి కట్టిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు పడుతుంది. సుమారు 97 లక్షల బ్యారెళ్లు. దేశం రోజుకు 55 లక్షల బ్యారెళ్ల దాకా వాడుతోంది కాబట్టి రెండు రోజులకు కూడా చాలదు. కర్ణాటకలోని మంగళూరు, పాదూరు కలుపుకొని మొత్తం 53.3 లక్షల టన్నులు. నిండుగా ఉంటే 2019-20 వినియోగం ప్రకారం తొమ్మిదిన్నర రోజులని ప్రభుత్వ లెక్క; రోజుకు 55 లక్షల బ్యారెళ్ల చొప్పున చూస్తే ఏడు రోజులే. కంపెనీల దగ్గరి నిల్వలు వేరు. ఒడిశాలోని చండీఖోల్‌లోనూ, పాదూరులోనూ కలిపి మరో 65 లక్షల టన్నులకు కేంద్రం 2021 జులైలో ఆమోదం ఇచ్చింది. కాగితం మీది ఆ గుహలు రాతిలోకి దిగాలి. ముడిచమురు చౌకగా ఉన్నప్పుడే వాటిని నింపుకోగలం. హార్ముజ్‌లో హెచ్చరికలు మొదలయ్యాక కొనబోతే, ఆ భయం ధర కూడా మనమే కట్టాలి.