ముక్క చెప్పే కంటి ముచ్చట్లు

మీకు తెలుసా? కంటి దగ్గర బయాప్సీకి తీసే ముక్క ఒక్కోసారి బియ్యపుగింజంత కూడా ఉండదు. దాన్ని మైనంలో బిగించి, మిల్లీమీటరులో 200వ వంతు మందాన పొరలుగా కోస్తారు. ఉల్లిపొర కూడా దీని ముందు దుప్పటే!

ఆ పొరకు రంగు అద్దేది ఓ చెట్టని మీకు తెలుసా? మధ్య అమెరికాలో పెరిగే లాగ్‌వుడ్ చెట్టు చేవలోంచి వస్తుంది హెమటాక్సిలిన్. అది తగలగానే కణాల కేంద్రకాలు నీలంగా తేలతాయి. ఎక్కడి అడవి, ఎక్కడి ల్యాబు!

కంటిగుడ్డు మీద వెంట్రుకలు మొలుస్తాయని మీకు తెలుసా? నల్లగుడ్డు అంచున పుట్టుకతోనే వచ్చే డెర్మాయిడ్ గడ్డలో చర్మం, కొవ్వు, జుట్టు అన్నీ ఉండొచ్చు. క్యాన్సర్ కాదు, భయం వద్దు. దువ్వెన కూడా వద్దు!

అమెరికా, యూరప్‌లలో రెప్ప క్యాన్సర్లు పదింట ఎనిమిదో తొమ్మిదో బేసల్ సెల్ రకం. మరి మన దగ్గర? హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 536 మంది రోగుల వివరాలు చూస్తే, సగానికి పైగా రెప్పలోని నూనెగ్రంథుల క్యాన్సరే. దేశం మారితే జాబితా తలకిందులు!

ఆ క్యాన్సర్ పగటివేషగాడని మీకు తెలుసా? అచ్చం కంటికురుపులా, తరచూ నొప్పి లేకుండా వస్తుంది. తీసేసిన చోటే మళ్లీ గడ్డ లేస్తే ముక్క పరీక్షకు పంపాల్సిందే. మైక్రోస్కోపు ముందు దాని పప్పులుడకవు!

రెప్ప లోపల ఎర్రగా, తెల్లచుక్కలతో వేలాడే కండ చూస్తే గడ్డే అనుకుంటాం. ముక్క తీస్తే రైనోస్పోరిడియం అనే సూక్ష్మజీవి! దక్షిణ భారతం, శ్రీలంకల్లో ఎక్కువ. చెరువు స్నానాలతో సంబంధం ఉందంటారు. దశాబ్దాలపాటు ఫంగస్ అనుకున్నారు. జన్యువులు చూస్తే చేపల పరాన్నజీవులకు దగ్గరి చుట్టం. చేపల చుట్టానికి మన కంట్లో ఏం పని!

బయాప్సీ లేకుండానే క్యాన్సర్‌ను పట్టేస్తారని మీకు తెలుసా? కంటి లోపలి మెలనోమా అనే క్యాన్సర్‌పై అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో తొలగించిన 1,532 కళ్లను పరీక్షిస్తే, వైద్యులు ముందే చెప్పింది 1,527 కళ్లలో నిజమైంది. నూటికి 99.7 మార్కులు!

అసలు సూదే గుచ్చకూడని క్యాన్సర్ ఒకటుంది, తెలుసా? పసిపిల్లల రెటినోబ్లాస్టోమా. గుచ్చితే క్యాన్సర్ కణాలు కంటి బయటికి జారిపోయే ప్రమాదం ఉంది. అందుకే చూసి, స్కాన్ చేసి తేలుస్తారు. ఇక్కడ చెయ్యి పెట్టకపోవడమే వైద్యుడి నేర్పు!

1971లో జన్యు శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ నడ్సన్ కేవలం 48 మంది పిల్లల లెక్కలు చూసి, ఈ జబ్బుకు రెండు జన్యు దెబ్బలు కావాలన్నాడు. ఆ దెబ్బలు తగిలే జన్యువు 1986లో చేతికి చిక్కింది. కాగితం మీది లెక్క 15 ఏళ్లు ముందు పరుగెత్తింది!

చివరి ప్రశ్న: ఈ జబ్బును ఎన్నోసార్లు మొదట పట్టించేది ఏమిటో తెలుసా? ఫ్లాష్ వేసి తీసిన ఫొటో! ఒక కంట్లో ఎరుపు, రెండోదాంట్లో తెల్లటి మెరుపు కనిపించొచ్చు. సంపన్న దేశాల్లో ఈ పిల్లల్లో నూటికి 95 మందికి పైగా బతికి బట్టకడుతున్నారు. మీ పాపాయి ఫొటోలు ఇవాళే తిరగేయండి. తెల్లమెరుపు ఉంటే ఆలస్యం చేయక కంటి డాక్టరు దగ్గరికి నడవండి!