ఏటికి నీరొచ్చినప్పుడు గాలం వేట



కార్తీకం వానలకు కుశస్థలి నిండుగా పారుతున్నదని వినగానే నగరి చుట్టుపక్కల పల్లెల్లో గాలపు కర్రలు అటకలమీదనుంచి దిగుతాయి. కరెంటు పోయి మగ్గం నిలిచిన నేతగాడు, చెరుకుతోటలో నీళ్లు నిలిచి పనిలేని రైతు, బడికి సెలవు దొరికిన పిల్లకాయలు, అందరూ గట్టుమీదికి చేరతారు. ఏడాదిలో ఎక్కువ భాగం వట్టి ఇసుకగా కనబడే ఏట్లో నీళ్లు చూడటమే ఒక పండుగ. ఆ నీళ్లలో చేప కూడా వుందంటే ఇంట్లో కూర్చోబుద్ధి ఎవరికవుతుంది?

వెళ్లవద్దని చెప్పటం మా వుద్దేశం కాదు. వెళ్లండి. అయితే ఎర్రనీటి వేట గురించి మనవాళ్లలో రెండు మాటలు నాటుకుపోయాయి. ఎర్రనీళ్లలో చేప గాలానికి పడదనేది ఒకటి. పెద్దచేప నడి ఏట్లోనే వుంటుంది, కాబట్టి మోకాలిలోతుకైనా దిగితేగాని అందదనేది రెండోది. రెండూ సరికావు. మొదటిదాన్ని నమ్మితే ఒక పూట పులుసు పోతుంది. రెండోదాన్ని నమ్మితే మనిషే పోతాడు. నీరు పెరిగిన రోజున చేప తనంతట తానే గట్టువారకు వస్తుంది. ఎందుకు వస్తుందో తెలిస్తే, మనం ఎక్కడ కూర్చోవాలో కూడా తెలిసిపోతుంది.

ముందు మన ఏటి సంగతి చూద్దాం. కార్వేటినగరం కొండల దిక్కునుంచి వచ్చే నీరు కృష్ణాపురం జలాశయంలో కొంత ఆగి, నగరి పక్కగా సాగి, తమిళనాడులో కొసస్తలైయారులో కలిసి పూండి జలాశయానికి చేరుతుంది. 1944లో పూర్తయిన ఆ పూండి జలాశయం మద్రాసు మహానగరానికి తాగునీరిచ్చే వాటిలో ఒకటి. మనకు నైరుతి వానలకన్నా అక్టోబరు మొదలు డిసెంబరుదాకా వచ్చే ఈశాన్యపు వానలే ఏటిని నింపుతాయి. 2020 నవంబరులో నివర్ తుపాను, 2021 నవంబరులో వరుస వాయుగుండాలు మన జిల్లా వంకలను, వాగులను ఎట్లా పొంగించినవో చాలామందికి జ్ఞాపకమే. పొంగు వచ్చినప్పుడు ఎగువ చెరువులన్నీ మొరవ పోతాయి. ఆ మొరవనీళ్లతోబాటు చెరువుచేప ఏట్లోకి దిగుతుంది. ఏట్లోని చేప ఆ కొత్తనీటికే ఎదురెక్కుతుంది. నిన్నటిదాకా ఎండిన ఏట్లోకి చేప ఎక్కడిదని అడిగేవారికి ఇదే జవాబు.

ఇక చేప గట్టువారకు చేరటానికి కారణం వినండి. పారే నీరు అంతటా ఒకే వడితో పారదు. నడుమ, పైపొరలో వడి హెచ్చు. అడుగున ఇసుకకు, పక్కన గట్టుకు రాసుకుంటూ పోయే నీటికి వడి తక్కువ. మీ పొలం కాలువలో రెండు ఎండుటాకులు వేసి చూడండి. నడుమ వేసినది పరుగెత్తుతుంది, వారగా వేసినది నింపాదిగా పోతుంది, ఒక్కోసారి గడ్డిదుబ్బు వెనుక చేరి గుండ్రంగా తిరుగుతుంది. చేప కూడా ఒళ్లు అలిసే ప్రాణే గదా! నడి ఏట్లో నిలబడాలంటే క్షణం ఆగకుండా ఈదాలి. అంత కష్టపడి అక్కడ దానికి దొరికే తిండి లేదు. గట్టు వెంబడి అయితే వరదకు కొట్టుకొచ్చిన వానపాములు, చీమలు, మిడతలు, కుళ్లిన గింజలు వుంటాయి. నిన్నటిదాకా గడ్డి మొలిచివున్న నేల యీ రోజు జానెడు నీటి కింద వున్నదంటే, అది చేపకు వడ్డించిన విస్తరి.

సీమలో, అంటే ఇంగ్లండులో, బార్బెల్, చబ్ అని రెండు ఏటిచేపలున్నాయి. బార్బెల్ మన పరిగెలకు దాయాది. మనవైపు కొందరు పక్కెలంటారే, ఆ కుటుంబమే. గడ్డమనే అర్థమున్న లాటిన్ మాటనుంచి దానికా పేరు వచ్చింది, మూతికింద మీసాలుంటాయి గనుక. మన పరిగెల్లో పెద్దజాతి వాటికీ రెండు జతల మీసాలు కనబడతాయి. యీ మీసాలు అందానికి కావు, రుచి తెలుసుకునే అవయవాలు. బురదనీటిలో కన్ను పనిచేయకపోయినా మీసంతో అడుగున తడుముకుంటూ తిండిని పట్టుకుంటుంది. చబ్ అనేది తిండిపోతు. వాలిన కొమ్మలకింద నక్కి, రొట్టెముక్కగాని పురుగుగాని ఏది వచ్చినా మింగుతుంది. థేమ్సు, సెవర్న్ నదుల ఒడ్డున గాలం వేసే అనుభవజ్ఞులు నీరు పెరిగి రంగుమారిన రోజులకోసమే కాచుకుంటారు. వారి లెక్కలో ఎర్రనీరు చెడ్డనీరు కాదు. గట్టుమీద మనిషి నీడను చేప చూడదు గనుక, అది ఇంకా మేలు. అయితే అంత కష్టపడి పట్టిన చేపను వారిలో చాలామంది తిరిగి ఏట్లోకే వదిలేస్తారు. యీ మాట నగరి సంతలో చెబితే నవ్వుతారేమో!

కాబట్టి మీసపు చేపకు వాసనగల ఎర కావాలి. పేడదిబ్బ పక్కన తవ్వితే దొరికే ఎర్రలు మొదటి రకం. రెండోది మన ఇంట్లోదే: గట్టిగా కెలికిన రాగిసంగటి ముద్దలో దంచిన వేరుశనగ చెక్క కలిపి, రేగిపండంత వుండలు చేసుకోండి. సంగటి పలచనైతే వరదనీటిలో నిలవదు. కూర్చునే చోటుకు కాస్త ఎగువగా రెండు గుప్పెళ్ల చెక్కపొడి మట్టితో కలిపి వేస్తే, వాసన దిగువకు పారి చేపను పిలుచుకొస్తుంది. ఏ చేపకు ఏ ఎర అనే విచారం మనకు కొత్తదేమీ కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమనే సంస్కృత గ్రంథంలో మత్స్యవినోదానికి ఒక ప్రకరణమే వున్నది. చేపల జాతులు, వాటికి పెట్టే మేత, గాలం, దారం అన్నీ అందులో వస్తాయి. రాజుగారు కూడా గట్టుమీద కూర్చుని కాచుకున్నవారే.

చెరువులో వాడే బెండు ఇక్కడ పనికిరాదు. నీరు దాన్ని లాక్కుపోతుంది. దారానికి బరువైన సీసపు గుండు కట్టి ఎర అడుగున పడేటట్టు వేయండి. దారాన్ని చూపుడువేలిమీద ఆనించి పెట్టుకోండి. చెత్త తగిలితే దారం మెల్లగా బిగుస్తుంది. చేప తగిలితే టక్కుటక్కుమని రెండుసార్లు కొడుతుంది. రెండు పూటలు కూర్చుంటే యీ తేడా వేలికే తెలిసిపోతుంది. ఇంకొకరు చెప్పి నేర్పగలిగినది కాదు.

చోటు ఎన్నుకోవటంలోనే అసలు నేర్పు వుంది. నిటారుగా కోసుకుపోయిన గట్టు వద్దు. ఏరు వంపు తిరిగేచోట లోపలివైపు చూడండి, అక్కడ వడి తక్కువ. చిన్న వంక వచ్చి ఏట్లో కలిసే మూల మంచిది. మునిగిన తుమ్మచెట్టు దిగువపక్కన నీరు అద్దంలా నిలిచి వుంటే అదీ మంచిదే. పారే నీరు, నిలిచిన నీరు కలిసేచోట నురగతో ఒక గీత ఏర్పడుతుంది. ఆ గీతకు మనవైపున ఎర వేయండి. బారెడు దూరం చాలు. నడి ఏట్లోకి విసరటమంటే సీసం వృథా చేసుకోవటమే.

ఏ రోజు వెళ్లాలి? నీరు ఎక్కుతూ, కొమ్మలూ చెత్తా కొట్టుకొస్తున్న మొదటి రోజున చేప కూడా దిక్కుతోచక వుంటుంది. ఆ రోజు ఇంటిపట్టున వుండండి. ఎక్కటం ఆగి, నీరు తీయటం మొదలైన రోజు వేటకు మంచిది. నీరు తీస్తున్నదో ఎక్కుతున్నదో కంటితో చూసి చెప్పటం కష్టం. అందుకని గట్టుకు చేరగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. పావుగంటకోసారి దాన్ని చూస్తూ వుండండి. నీరు పుల్లను విడిచి వెనక్కు పోతూ వుంటే గాలం వేయండి. పుల్ల నాలుగు వేళ్లు మునిగిందా, చేప తగులుతూ వున్నాసరే, కర్ర చుట్టేసి పైకి రండి. నగరిలో ఎండ కాస్తున్నా కార్వేటినగరం కొండలవైపు నల్లగా వుంటే ఆ నీరు మన దగ్గరకు వచ్చేదాకా మనకు తెలియదు. కృష్ణాపురం గేట్లు ఎత్తుతున్నారని చాటింపు వచ్చినా, ఫోనులో కబురు వచ్చినా ఆ పూటకు ఏటి మాట మరిచిపోవలసిందే.

నీటిలో దిగవద్దని ఇంత గట్టిగా చెప్పటానికి కారణాలున్నాయి. నీటి వడి రెండింతలైతే అది కాలిని తోసే బలం రెండింతలు కాదు, నాలుగింతలు. వడి మూడింతలైతే బలం తొమ్మిదింతలు. మొలలోతు నిలవనీటిలో హాయిగా నడిచే మనిషిని మోకాలిలోతు పరుగునీరు పడగొట్టేది ఇందువల్లనే. దానికి తోడు కాలికింద ఇసుక కోసుకుపోతూ వుంటుంది. మరొకటి, ఇసుక తోడిన గుంతలు. వేసవిలో ట్రాక్టర్లు ఇసుక తోడుకుపోయినచోట నిలువెత్తు గుంతలు మిగిలిపోతాయి. ఎర్రనీరు వాటిని కప్పేస్తే పైకి అంతా ఒకే మట్టంగా కనబడుతుంది. చీలమండ తడిసే చోటునుంచి ఒక్క అడుగు వేస్తే తల మునిగే చోటు. ఈత వచ్చినవాడు కూడా ఎదురుచూడని లోతులో గుక్క తిప్పుకోలేడు. ఏరు తనకు చిన్నప్పటినుంచీ తెలుసుననే ధైర్యం ఇక్కడ చెల్లదు. పోయిన ఏడు వున్న ఏరు యీ ఏడు లేదు.

గాలం అడుగున ఏ కంపకో చిక్కుకుంటుంది. అది విడిపించుకోవటానికి దిగేవారే ఎక్కువ. దారం కోసేయండి. పది రూపాయల గాలం మళ్లీ కొనుక్కోవచ్చు. గట్టు అంచున కూర్చునేముందు నేలమీద ఏటికి సమానంగా పగులు వున్నదేమో చూడండి. వుంటే కింద నీరు కోసుకుపోయిందన్నమాట. వరదకు పాములు కూడా గట్టెక్కుతాయి, గడ్డిలో చేయిపెట్టేముందు కర్రతో తట్టండి. ఒంటరిగా పోవద్దు. మూత బిగించిన ఖాళీ నూనెక్యానుకు ఇరవై బారల తాడు కట్టి దగ్గర పెట్టుకోండి. ఎవరైనా జారిపడితే వెనుక దూకవద్దు, క్యాను విసరండి. అది తేలుతుంది, పట్టుకున్నవాణ్ణి తేలుస్తుంది, తాడు మీ చేతిలోనే వుంటుంది. దూకినవాడు ఆ పనులేవీ చేయలేడు.

చెరువు మొరవ దగ్గర జరిగేది గూడా చెప్పాలి. నీరు దూకేచోట చేప ఎగిరెగిరి ఎదురెక్కుతుంటే చూడముచ్చటగా వుంటుంది. అక్కడే అడ్డంగా దోమతెరలాంటి వల కట్టి వచ్చినదంతా పట్టేవాళ్లున్నారు. ఆ ఎక్కేది ఏ చేప అనుకున్నారు? గుడ్లతో కడుపు నిండిన చేప. బొచ్చె, రోహు వంటి పెద్దజాతులు నిలవనీటి చెరువులో మామూలుగా గుడ్డుపెట్టవు. పారే వరదనీరు వుంటేనే వాటికా ప్రేరణ. రెండు మూడు కిలోల రోహు కడుపులో లక్షల గుడ్లుంటాయి. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ అలీకున్హిగార్లు పిట్యూటరీ గ్రంథిరసాన్ని సూదిమందుగా ఎక్కించి చేపచేత గుడ్డు పెట్టించేదాకా, దేశమంతటా చెరువుల్లో వదిలే చేపపిల్లను ఎక్కువగా వరద ఏళ్లలోనే ఏరుకోవలసివచ్చేది. ఇప్పుడు పెద్దజాతుల పిల్ల పెంపక కేంద్రాల్లో దొరుకుతుంది. మన పరిగెను పెంచి ఇచ్చే వారు మాత్రం అరుదు. దాని వంశం నిలవాలంటే యీ నాలుగు రోజుల వరదే ఆధారం. అందుచేత గాలానికి పడిన చేపల్లో కడుపు వుబ్బి, మెల్లగా నొక్కితే గుడ్డు కారేది వుంటే తడిచేత్తో పట్టుకుని నీళ్లలో వదలండి. పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగురు పోయి రోగం పట్టుకుంటుంది.

మందుగుండు పేల్చటం, నీటిలో విషం కలపటం 1897 నాటి చేపల చట్టంనుంచీ నేరమే. కరెంటుతీగ నీటిలో వేసేవాడిని గురించి చెప్పటానికేమీ లేదు, తడిసిన గట్టుమీద నిలబడి ఆ పని చేసేవాడికి చేపకంటే ముందు తనకే ముప్పు. పాటకిచ్చిన చెరువులో, జలాశయంలో మాత్రం గాలం వేయాలన్నా సంఘంవారిని అడిగి వేయండి.

పట్టిన చేప సంగతి. ఎర్రనీటి చేపకు మట్టివాసన వుంటుందని కొందరు ముఖం చిట్లిస్తారు. గట్టుమీద వున్నంతసేపూ తడి గోనెగుడ్డలో చుట్టి నీడన పెట్టండి. ఇంటికి తెచ్చాక మొప్పలు తీసేసి, కడుపులోపలి నల్లటి పొర గీకి, రాళ్లవుప్పు, బియ్యం కడిగిన నీళ్లు పోసి రెండుసార్లు రుద్ది కడగండి. పరిగెకు సన్నముళ్లు ఎక్కువ, కనుక రెండువైపులా దగ్గరదగ్గరగా గాట్లు పెట్టాలి. చింతపండు చిక్కగా పిసికి, సాయంత్రమే పులుసు కాచి దించి, మట్టిచట్టిలోనే వుంచండి. మరునాడు పొద్దున వేడి సంగటిలోకి ఆ పులుసు పోసుకునేటప్పుడు పిల్లలకు మాత్రం ముళ్లు తీసిపెట్టండి.